తాళంచెవి వంతు

ఈ ఏడు తాళంచెవి మా ఇంటిది.
వంటింట్లో బియ్యం డబ్బా పక్కన మేకుకి
ఎర్రదారంతో వేలాడుతుంటుంది.
గుడి తలుపు మీద కాగితం అంటించి ఉంటుంది:
దర్శనానికి ఫోన్ చేయండి,
భోజనాల వేళ వద్దు.
అందరూ సరిగ్గా భోజనాల వేళే చేస్తారు.

ఇవాళ ఒసాకా నుంచి ముగ్గురు.
నేను ముల్లంగులకి ఉప్పు పట్టిస్తున్నాను.
చేతులు కడిగాను, వాసన పోలేదు.
ఏప్రన్ విప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి
విప్పకుండానే బూట్లలో కాళ్ళు దూర్చాను.

మా ఊళ్ళో పూజారి లేడు.
నేను కాపురానికొచ్చేనాటికే లేడు.
కొండ కింద రాతినక్కల గుడికి, పండగనాడు,
పక్కలోయ నుంచి తెల్ల ట్రక్కులో ఒకాయన వస్తాడు.
ఆయనకి ఇరవై ఆరు గుళ్ళు.
మంత్రం చదువుతూ వాచీ చూసుకుంటాడు, పాపం.
కన్నన్ మాత్రం మాది.
ఏడాదికో ఇల్లు చొప్పున చూసుకుంటాం.
ముప్ఫై నాలుగు గడపలున్నప్పుడు
వంతు జన్మకి రెండుసార్లొచ్చేది.
ఇప్పుడు తొమ్మిది.
నాకిది నాలుగోసారి.

మెట్లు నూట పన్నెండు.
వచ్చినవాళ్ళు లెక్కపెడతారు,
నా మోకాళ్ళకి కంఠతా వచ్చు.
తలుపుని కాస్త పైకెత్తి పక్కకి తోయాలి,
మా అత్తగారు నాకు నేర్పిన మొదటి పని.
రెండోది మిసో చారు.

లైటు వేశాను.
నడుము కొంచెం కుడికి వంచి,
ఆఖరి బస్సు కోసం చూసే మనిషిలా, ఆమె.
ఎడమ చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది.

యుద్ధాల రోజుల్లో
ఏ ప్రభువు సైన్యమో, ఎవరి మీదికో పోతూ,
దారిలో ఉన్నాం కాబట్టి మమ్మల్ని తగలబెట్టింది.
ఊరు ఇళ్ళని వదిలేసి ఆమెని మోసుకెళ్ళింది,
మడిలో గుంట తీసి పడుకోబెట్టి
పైన నారు నాటేసింది.
(నేను విన్నదే. మామగారు చెప్పినప్పుడల్లా
సైన్యం పెద్దదయ్యేది.)
మళ్ళీ తవ్వినప్పుడు చెయ్యి దొరకలేదు.
చెవి మడతలో ఆ బురద ఇంకా ఉంది.
మ్యూజియం వాళ్ళు దూదితో తుడుస్తామన్నారు.
ఊరంతా కూర్చుని, టీ తాగి, వద్దంది.

ముగ్గురిలో కుర్రాడు టోపీ తీసి అడిగాడు:
"ఆ చెయ్యి ఎక్కడుందండీ?"
"మా పొలంలో."
నేను నవ్వుతానేమోనని చూశాడు.

నిజంగానే మా పొలంలో.
మూసేసిన బడి వెనక మడి.
మా ఆయన తొకుజి ఉన్నన్నాళ్ళూ
దమ్ము చేస్తూ ఆ మూలకొచ్చేసరికి
ట్రాక్టర్ గేరు తగ్గించేవాడు.
ఎందుకని నేను అడగలేదు, ఆయన అనలేదు.
ఇప్పుడు కౌలుకి చేసే పిల్లాడికి
ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.
వాడూ అక్కడ తగ్గిస్తాడు.
గట్టు వంకర వల్లనేమో.

పెద్దావిడ చాలాసేపు చేతులు జోడించే ఉంది.
"మీరు అదృష్టవంతులు, రోజూ మొక్కుకోవచ్చు" అంది.
నేను ఎలుకల మందు మారుస్తాను,
మంటలార్పే సిలిండర్ మీద తేదీ చూస్తాను,
వానాకాలం వచ్చిందంటే ఆమె వీపున
బూజు పట్టిందేమోనని టార్చి వేస్తాను.
మొక్కడానికి వరస రాదు.
ఈ మాటలేవీ ఆవిడకి చెప్పలేదు.
"అవునండీ" అన్నాను.

మిఠాయి పెట్టె ఒకటి వదిలి వెళ్ళారు.
ఆమె ముందు పెట్టి, పది లెక్కపెట్టి,
ఇంటికి తెచ్చేసుకున్నాను. చీమలు.

వచ్చే ఏడు వంతు ఇసోబెగారిది.
ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు.
ఆ తర్వాతి ఇంటికి
ఇంటికే తాళం.

మళ్ళీ ముల్లంగుల దగ్గర కూర్చున్నాను.
పీపా మీద బరువుకి రాయి పెట్టాలి.
ఒక్క చేత్తో ఎత్తి చూశాను, లేవలేదు.
తాళంచెవి పళ్ళ మధ్య కరచుకుని
రెండు చేతులా ఎత్తాను.

ఇనుము రుచి, ఉప్పు రుచి.
లోపల ఫోన్ మోగుతోంది.