మొదటి రోజు నీళ్ళు లేవు

మొదటి రోజు నీళ్ళు లేవు, ముందే చెప్పేస్తాను.
కోవళం ఇసుకలో నిలబడి
గాలి ఎటు నుంచి వస్తోందో
చెవులతో కనిపెట్టడమే పాఠం.
రెండు చెవుల్లోనూ ఒకేలా మోగితే
మీరు దానికి ఎదురుగా ఉన్నట్టు.
ఫీజు కట్టినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

ఈ వారం ముగ్గురు.
ఓఎంఆర్ నుంచి ఒక కుర్రాడు,
పేరు నిశ్చల్, ఒక్క క్షణం నిలవడు.
అంబత్తూరులో బేరింగుల కొట్టు నడిపే గజపతి.
ఇంకొకరు హైమావతి గారు, అరవై ఒకటి,
టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై నాలుగేళ్ళు
ట్రంక్ కాల్స్ దగ్గర మొదలుపెట్టి రిటైరయ్యారు.
ఈత వచ్చా అంటే
"బందరు కాలవ దాటేదాన్ని" అన్నారు.
ఎప్పుడూ అని నేనడగలేదు.

ఇది మీరు మేడ మీద ఎగరేసిన గాలిపటం కాదు.
తొమ్మిది చదరపు మీటర్లు.
పంపు కొట్టి కొట్టి మనమే దానికి ఎముక పెట్టాలి.
నాలుగు తాళ్ళు, ఒక్కోటి ఇరవై రెండు మీటర్లు,
నాలుగూ వచ్చి చేతిలోని ఈ బారుకి తగులుకుంటాయి.
బారు అనగానే గజపతి నవ్వాడు.
ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు నవ్వుతారు.

తాళ్ళు చిక్కుపడ్డాయి.
నిశ్చల్ లాగాడు, ముడి బిగిసింది.
కత్తెర ఉందా అన్నాడు గజపతి.
హైమావతి గారు ఇసుకలో చతికిలబడి
కళ్ళద్దాలు పైకి తోసుకుని
"ఇది నెల్లూరు... ఇది కడప...
మీరు లైన్‌లోనే ఉండండి సార్, ఉండండి" అంటూ
ఐదు నిమిషాల్లో నాలుగూ విడదీశారు.

ఆకాశం మీద గడియారం గీసి చూపిస్తాను.
నెత్తి మీద పన్నెండు. అక్కడ పటం బుద్ధిమంతురాలు.
అంచుల్లో తొమ్మిది, మూడు. అక్కడా ఫరవాలేదు.
సరిగ్గా మధ్యకి, ముళ్ళు బిగించే చోటికి
దింపారో, అది లారీ.

ఇక ఒకటే సూత్రం.
భయం వేస్తే బారు వదలండి.
అందరూ తలూపుతారు.
ఎవరూ వదలరు.
పుట్టినప్పటి నుంచీ చేతులకి తెలిసింది
పడబోతే పట్టుకోవడం.
ఇక్కడ పట్టుకున్నందుకే పడతారు,
దగ్గరికి లాక్కున్నకొద్దీ
గాలి ఇంకా బలం తెచ్చుకుంటుంది.

మూడో రోజు ముట్టుకాడు. నడుం లోతు నీళ్ళు.
మూడింటికి ఆగ్నేయం గాలి లేచింది.
నిశ్చల్ రెండు గుక్కలు మింగి బయటికొచ్చాడు.
గజపతి పటాన్ని తాడిచెట్టు దాకా తీసుకెళ్ళి
చెట్టుకి క్షమాపణ చెప్పాడు.

హైమావతి గారి పటం మధ్యకి దిగింది.
ఆవిడ లేచారు.
ముఖం కిందికి, మడమలు పైకి,
ఉప్పునీళ్ళని చింపుకుంటూ వెళ్ళిపోతున్నారు.
వదలండి అని తెలుగులో అరిచాను,
విడుంగ అని అరవంలో అరిచాను,
గట్టున రొయ్యలు ఏరుకుంటున్న ఆవిడ కూడా
బుట్ట కింద పెట్టి అరిచింది.
ఎంతసేపని! నా లెక్కలో అరగంట,
నిశ్చల్ వాచీలో పదకొండు సెకన్లు.

అప్పుడు వదిలారు.
అంత పటమూ
ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు తిరిగి
నీళ్ళ మీద చప్పుడు లేకుండా వాలింది.

బురదతో లేచి నిలబడ్డారు.
ముక్కు తుడుచుకుని, నెమ్మదిగా,
"ఎంతమందికి చెప్పానో బాబూ,
మూడు నిమిషాలయింది, కట్ చేస్తున్నానని.
ఇది మాత్రం
అవతల ఎవరో ఉన్నట్టనిపించింది.
తెంపలేకపోయాను."

నా ఎడమ చూపుడువేలు పూర్తిగా మడవదు.
ఎందుకో ఎవరూ అడగరు.
ఆవిడ దాని వంక చూసి, ఏమీ అనకుండా
లైఫ్ జాకెట్ విప్పి నా చేతికిచ్చారు.

ఇవాళ గాలి లేదు.
గాలి లేని రోజుకి డబ్బు తీసుకోను, అందుకే
మిగతా ఇద్దరూ టీ కొట్టు దగ్గరే ఉండిపోయారు.
హైమావతి గారు గంట ముందే వచ్చి
ఇసుకలో కళ్ళు మూసుకుని
తల కాస్త అటూ ఇటూ తిప్పుతున్నారు.
ఎడమ చెవిలో
ఏదో మోగుతోందట.