గేటు తలుపు వెనక

ఆడిట్‌కు నాలుగు రోజుల ముందు షెడ్డుకు సున్నం వేశారు.
మడికొండ ఎస్టేట్‌లో ఏ గోడకూ అంత తెలుపు లేదు.
మల్టీమీటర్లకు స్టిక్కర్లు,
బోర్డు మీద స్క్రూడ్రైవర్లకు వాటి నీడబొమ్మలు,
మంచినీళ్ల కుండకు కూడా ఒక నంబరు.
రాజలింగం సేటు నాణ్యతా విధానాన్ని
దండకంలా బట్టీపట్టి
బాత్రూములో వల్లిస్తుంటే బయటికి వినబడేది.

నా పని ఫైళ్లు.
పద్దెనిమిది ఫైళ్లు, ఒక్కోదాని వెన్ను మీద నా చేతిరాత.
అన్నిట్లో సన్ననిది ఫిర్యాదుల ఫైలు.
తెరిస్తే కొత్త కాగితం వాసన.

ఇందుమతి గారు చాయ్ వద్దన్నారు.
స్టార్టర్ డబ్బాల నడుమ మూడు గంటలు తిరిగారు.
కాయిల్ చుట్టే రజిత వేళ్లను చాలాసేపు చూశారు.
తర్వాత ఆ సన్నని ఫైలు అడిగారు.

"ఒక్కటీ లేదా?"
"లేదండీ."
సేటు ఛాతీ ముందుకొచ్చింది.
"తొమ్మిదేళ్లలో? ఇరవై వేల స్టార్టర్లలో?"
వచ్చిన ఛాతీ వచ్చినట్టే వెనక్కి పోయింది.

ఆమె పెన్ను మూత తీసిన చప్పుడు
ప్రెస్సు మిషను ఆగినప్పటి నిశ్శబ్దమంత పెద్దది.

లేచి నేరుగా గేటు దగ్గరికి నడిచారు.
వెనకాల మేము, పెళ్లివారి వెంట బాజావాళ్లలా.
"ఇక్కడికి కోపంగా ఎవరైనా వస్తారా?" అని
వాచ్‌మన్ ఓదెలును అడిగారు.

ఓదెలు సేటు వైపు చూడలేదు.
ఇనుప తలుపును లోపలికి గుంజి
దాని వెనక వైపు చూపించాడు.

బొగ్గు గీతలు, సుద్ద గీతలు.
మిరపకాయ, మక్కకంకి, విచ్చిన పత్తికాయ.
అక్షరాలు రాని చెయ్యి
ఒక్కో మనిషిని పంట పేరున దాచుకుంది.

"ఇది రేగొండ పెద్దమనిషి.
సింగిల్ ఫేజొస్తే డబ్బ ట్రిప్ కాలే, మోటరు కాలింది.
ఇగో, శాయంపేట అక్కాచెల్లెండ్లు. మిరపతోట.
ఇది పరకాల కొంరయ్య. మూడుసార్లొచ్చిండు.
మూడోసారి ఒర్రలే.
గీడనే కూసుండి బీడీ తాగి పోయిండు."

"ఎందుకు గీశావు?"

"లోపటికి పంపొద్దన్నరమ్మా.
పంపనోళ్లను యాడనో ఓకాడ పెట్టాలె గద."

ఆ రోజు మాకు సర్టిఫికెట్ రాలేదు.
ఒక పెద్ద లోపం, తొంభై రోజుల గడువు వచ్చాయి.

స్టూలు వేసుకుని ఆ తలుపు ముందు కూర్చున్నాను.
ఓదెలు చెబుతాడు, నేను రాస్తాను.
కాజీపేట నుంచి రైలు కూత పెడితే ఆగుతాం, మళ్లీ మొదలుపెడతాం.
నూట నలభై మూడు గుర్తులు.
వాటిలో అరవై ఒకటి ఒక్క ఎండాకాలానివే.
ఆ ఎండాకాలం చవకగా దొరికిన రిలేలు
బస్తాల్లో దిగిన రోజు
"సరుకు సరిగా ఉంది" అని సంతకం పెట్టిన కాగితం
ఏడో ఫైల్లో దొరికింది.
సంతకం నాదే.

మూలకారణం అనే గడిలో
చాలాసేపు పెన్ను ఆనించి పెట్టాను. అక్కడ సిరా మచ్చ ఉంది, చూడొచ్చు.

సర్టిఫికెట్ వచ్చింది. మూడేళ్లు చెల్లుతుంది.
సేటు గదిలో ఫ్రేము, ఫ్రేముకు గంధం బొట్టు.
గేటుకు రంగు వేయడానికి పెయింటరొస్తే
ఓదెలు తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.
నేను ఆ తలుపుకొక దస్తావేజు సంఖ్య ఇచ్చాను.
ఇప్పుడది రికార్డు. రికార్డు మీద రంగు వేయకూడదు,
ప్రమాణంలోనే ఉంది.

గేటు దగ్గర ఇప్పుడు రెండో కుర్చీ.
వచ్చినవాళ్లు కూర్చుంటారు, నీళ్లు తాగుతారు, తిడతారు.
తిట్టు మినహా అన్నీ రాసుకుంటాను.

ఏడాదికి ఇందుమతి గారు మళ్లీ వచ్చారు.
ఫైలు బరువుగా ఉందని ముఖం కాస్త వెలిగింది.
పేజీలు తిప్పుతూ ఒకచోట వేలు ఆగింది:
"పరకాల, కొంరయ్య. ఇది ఇంకా ముగించలేదేం?"

ఫోను కలవడం లేదు. ఊరికి పోతే పొలం కౌలుకిచ్చారన్నారు.
కొత్త డబ్బా తీసుకుని ఆయన ఎక్కడ బిగించుకుంటాడు?
దిద్దుబాటు చర్య గడిలో ఏం రాయాలో
నాకు తెలియలేదని చెప్పాను.

ఆమె ఏమీ అనలేదు.
పేజీ మూల మడిచి, తన సంతకం పెట్టి,
తెరిచే ఉంచమన్నారు.