నేల అచ్చు

మా వీధులకి కూరగాయల పేర్లు.
నేనుండేది బఠాణీ వీధి.
రొట్టెల కొట్టు చిక్కుడు వీధి మొదట్లో.
బంగాళదుంప వీధి చివర, నది వైపు, ఎందెల్ ఇల్లు.
తార్తు ఊరంతా మమ్మల్ని చారుపేట వాళ్లంటుంది,
మేం కాదనం.

జనవరి. తొమ్మిదైతేగాని తెల్లారదు,
నాలుగు కాకముందే దీపం.
ఉన్న కాస్త వెలుతురునీ
కిటికీ పక్క బల్ల మీదే ఖర్చు పెడతాను, పిసినారిలా.

ఈ చలికాలం ఏం చేశావంటే
రొట్టెల సంచుల మీద వేయడానికి ముద్ర ఒకటి చెక్కాను.
అక్షరాలు తిరగేసి చెక్కాలన్నది మరిచాను,
ముప్ఫై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న చెయ్యి!
కొట్టు నడిపే మారె పొట్ట పట్టుకుని నవ్వి
'అద్దంలో చదువుకుంటార్లే' అని
రెండొందల సంచులూ అలాగే వాడేసింది.
పిల్లల గ్రంథాలయానికి పన్నెండు గుడ్లగూబలు.
పదకొండు కుదిరాయి.
పన్నెండోది అచ్చం మా మేనత్త వీర్వె.
దాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

మిగతా వేళల్లో బతికాను.
నల్లరొట్టె అంచు ముక్క, వెన్న, పైన ఉప్పు పలుకులు.
పొయ్యి గోడకి ఆనించిన తడి చేతితొడుగులు
మెల్లగా గొర్రె వాసనేయడం.
కమలాతొక్క పొయ్యి మీద పెట్టి మరిచిపోవడం,
పక్కగదిలో ఉండగా ముక్కుకి గుర్తుకురావడం.
శనివారం ఆవిరిస్నానం చేసొచ్చి మంచులో నిలబడితే
ఒళ్లంతా పొగ,
ఎవరో నన్ను ఇప్పుడే వండి దించినట్టు.
సిరా సరిగ్గా కుదిరినప్పుడు రోలరు చేసే చప్పుడు:
వేడి పెనం మీద చిన్న చినుకు.
ఆ చప్పుడు కోసమే ఈ పనిలో ఉన్నానేమో,
బొమ్మలు సాకు.

ఫిబ్రవరి మొదట్లో ఎందెల్ వంటింట్లో నేల మార్పించాడు.
పాత లినోలియం చుట్ట చుట్టి
మంచుబండి మీద లాక్కొచ్చాడు, ఎనభై రెండేళ్ల మనిషి.
'నువ్వు చెక్కేది ఇలాంటిదేగా' అన్నాడు.
ఇలాంటిదే. నలభై ఏళ్ల నాటిది.
దాని మీద నదిని చెక్కుదామనుకున్నాను,
మంచు పగిలే రోజు నదిని, ఒక పడవని.
పెన్సిలుతో గీసుకున్నాను కూడా.

ఉలి పెట్టబోయే ముందు
ఊరికే, ఎలా పడుతుందో చూద్దామని
సిరా పట్టించి, ఉల్లిపొర కాగితం పరిచి
బట్టలు పిండే పాత యంత్రంలోంచి
(నా అచ్చుయంత్రం అదే)
తిప్పాను.

కత్తి జారిపడ్డ గాట్లు.
కుర్చీకాళ్ల చుక్కలు.
వేడి గిన్నె దించిన గుండ్రం.
పొయ్యి ముందు, అంత నలుపు మధ్య,
రెండు తెల్లటి మచ్చలు, పక్కపక్కన,
సిరా అందనంతగా అరిగి.

సల్మే పోయి ఆరేళ్లు.

నదిని చెరిపేశాను.

కాగితం ఆరాక తీసుకెళ్లాను.
ఎందెల్ కళ్లజోడు వెతుక్కుని, తుడిచి, పెట్టుకుని
చాలాసేపు చూశాడు.
'తప్పు' అన్నాడు.
'బరువంతా ఎడమకాలి మీద వేసేది తను.
ఇక్కడ కుడివైపుది ఎక్కువ అరిగింది.'
'అచ్చులో తిరగబడుతుంది' అన్నాను.
మారె నవ్వు గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది.

ఆయన ఇంకేమీ అడగలేదు.
కాగితాన్ని తిప్పి, దాని వీపు తనవైపు పెట్టుకుని
కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నాడు.
మూడుగంటల వెలుతురు అందులోంచి వచ్చింది.
'ఆఁ' అన్నాడు,
'ఇప్పుడు సరిగ్గా నిలబడింది.'

తర్వాత లోపలికి వెళ్లాడు.
కొత్త నేల కొత్త బూట్లలా కిర్రుమంది.
దోసకాయ ఊరగాయ సీసా తెచ్చి చేతిలో పెట్టాడు.
మూత ఎంతకీ రాలేదు.
గుడ్డ పెట్టి ఒకరం, కత్తి వెనకతో తట్టి ఒకరం.
చివరికి మారె దగ్గరికి పట్టుకుపోయాను.
ఆమె ఒక్క తిప్పు తిప్పింది.
కొట్లో నిలబడే చెరో రెండు తిన్నాం,
మాటల్లేకుండా,
వేళ్లకి సోయకూర అంటుకుని.