ముప్పై మీటర్లు

ఔలిస్, నీ గడియారం మళ్ళీ ఏడ్చింది.
అద్దం లోపల ఆవిరి, అంకెల మీద మసక.
ఈసారి ఏ నీళ్ళలో ముంచావని అడగను,
నీ తల నుంచి ఇంకా బిర్చి ఆకుల వాసన వస్తోంది.

కూర్చో. కాఫీ పొయ్యి మీదే ఉంది.
ఇవాలోలో ఈ కొట్టు తెరిచి ముప్పై నాలుగేళ్ళు,
ఇంత మొండి మణికట్టును నేనెరగను.

వీపు విప్పుతున్నాను, దీపానికి అడ్డం రాకు.
పక్కనున్న ఈ లావుపాటి మర, మేం కిరీటం అంటాం గానీ
దర్జా కోసం పెట్టింది కాదు.
తోలు తొడుగులు తియ్యకుండానే తిప్పుకోవాలని.
అంకెలింత పెద్దవి, చీకట్లో, కుదుపులో
ఒక్క చూపుకే దొరకాలని.
పట్టీ ఇంత పొడుగేమిటని మీ అమ్మాయి నవ్విందట,
చలికోటు చేతి మీద నుంచి కట్టుకోవడానికని చెప్పు.
పన్నెండు దగ్గర త్రికోణం
తలకిందులైన కళ్ళకి పైనేదో చెప్పడానికి.

ఆకాశం గురించి ఇంత ఆలోచించినవాళ్ళు
నీళ్ళ దగ్గరికొచ్చేసరికి
వీపు మీద చీమంత అక్షరాలతో ఒక్క ముక్క చెక్కి ఊరుకున్నారు:
ముప్పై మీటర్లు.
నువ్వది నమ్మావు.

ముప్పై మీటర్లంటే ముప్పై మీటర్లు కాదయ్యా.
అది కదలని నీటి లెక్క.
పరీక్షగదిలో, కొత్త రబ్బరుతో,
ఏ చెయ్యీ తొడుక్కోని గడియారం ఇచ్చిన మాట.
వానలో నడు, గిన్నెలు కడుగు, అంతవరకే.
ఈదే చెయ్యి నీటిని గుద్దుతుంది.
నీరు ఊరుకుంటుందా?

సెప్టెంబరు సంగతి నువ్వు చెప్పలేదు.
రెయిన్‌డీర్ మందల మారెత్ చెప్పింది.
విరిగిన కాలితో నీ వెనక సీట్లో పడుకున్నదిగా!
ఇనారి దీవులు ఒక్కొక్కటే పొగమంచులో ఆరిపోయాయట.
కిటికీ నిండా సున్నం కొట్టిన గోడ.
నువ్వు రేడియోని తిట్టలేదట, వెనక్కి చూడలేదట.
నీ పెదాలు మాత్రం కదిలాయి.
‘దేవుణ్ణి తలుచుకుంటున్నాడనుకున్నాను,
లెక్కపెడుతున్నాడు’ అంది మారెత్.
సెకనుకి మూడు డిగ్రీలు. అరవై సెకన్లు.
విమానం ముక్కు సరిగ్గా వచ్చిన దారికి తిరిగేదాకా
ఈ సన్న ముల్లు ఒక్కటే నీకు నేలా నింగీ.

పైలట్‌కి చేతి గడియారం దేనికని
బడిపిల్లలు నన్ను అడుగుతుంటారు.
పెట్రోలు ఎంత మిగిలిందో, దారి ఎంత మిగిలిందో
గుణించి చెప్పేదాన్ని.
ఇప్పుడు మారెత్ కాలు చూపిస్తాను.
వాన పడే ముందు కాస్త కుంటుతుందంతే.

ఇదిగో దొరికాడు దొంగ.
పట్టకారు చివర, వెంట్రుకంత రబ్బరు చుట్టు,
ఎండి, పెళుసెక్కి, ఒకచోట చిట్లి.
పదకొండేళ్ళు సరస్సు మీద దిగి లేచావు,
తుంపరలన్నీ దీని మీదే కొట్టాయి, చుక్క చొరనివ్వలేదు.
సముద్రం ఈదినవాడికి పిల్లకాలవ ఒక లెక్కా అంటారు.
లెక్కే, ఔలిస్.
దీన్ని చంపింది సరస్సు కాదు, నీ సౌనా.
ఎనభై డిగ్రీల వేడిలో ఒళ్ళంతా వదులై,
ఆ వెంటనే నీతో పాటు మంచు కన్నంలోకి దూకితే
లోపలి గాలి ఒక్కసారి ముడుచుకుని
దొరికిన సందులోంచి నీటిని గుటకేస్తుంది.
అంత కథ అయ్యాక
శనివారం సాయంత్రపు స్నానంలో పోవడమేమిటి?

తీసి పక్కన పెట్టమంటే తల అడ్డంగా ఊపుతావు.
ఎందుకో చెప్పవు.
నీ మణికట్టు చుట్టూ ఎండ తగలని తెల్లటి గీత,
అది నేను చూడనట్టే ఉంటాను.

కొత్త చుట్టు వేశాను, గ్రీజు రాశాను.
రేపు ఒత్తిడి గదిలో పెట్టి చూస్తాను,
బుడగ రాకపోతే నీ అదృష్టం.
చుట్టుకి పన్నెండు యూరోలు, నా పనికి నలభై.

ఈ మేకు కూడా పట్టుకెళ్ళు.
సౌనా తలుపు పక్కన, బయటి వైపు,
నీ భుజం ఎత్తులో కొట్టుకో.
దీనికి డబ్బు తీసుకోను.