ఒక్క కాయ తేడా

మా గాంబియాలో ఓటంటే ఒక గోళీ.
పిల్లలాడుకునే గాజు గోళీయే,
గుప్పిట్లో పెట్టుకుంటే కాసేపటికి ఒంటి వేడి పట్టుకుంటుంది.
అభ్యర్థికో డ్రమ్ము, డ్రమ్ముకో రంగు,
పైన గొట్టం, గొట్టం కింద గంట.
వదిలితే ఖంగుమని ఒక్కటే మోత.
రెండో చప్పుడు రాకుండా అడుగున ఇసుక పోస్తాం.
ఆ రోజు బడి చుట్టుపక్కలకి సైకిళ్ళని రానివ్వం,
సైకిలు బెల్లు కూడా ఓటులాగే వినబడుతుంది మరి.

ఇరవై రెండేళ్ళుగా చాక్‌పీసు పట్టిన చేత్తోనే
గోళీలు పంచుతున్నాను.
ఊరిపెద్ద ఆల్కాలోకీ ఒకటే,
ఆయన గాడిదబండి తోలే కుర్రాడికీ ఒకటే.
ఈ ఒక్క సంగతి తల్చుకుంటే
జీతం రాని నెలల్లోనూ కడుపు నిండినట్టుండేది.

ఆ డిసెంబరు పొద్దున్న
ఎడారి దుమ్ములో కళ్ళు నులుముకుంటూ
ముసుకెబ్బా ద్రామ్మే వచ్చింది.
కార్డేదీ అన్నాను.
"బియ్యం బస్తాగా మారింది" అంది.
క్యూలో ఎవడో నవ్వాడు.
నవ్వినవాడి పెళ్ళాం కార్డూ అలాగే మారిందని
సాయంత్రానికి గానీ తెలీలేదు.

మూడు రాత్రుల కిందట వచ్చారట.
మర్యాదస్తులే, చెప్పులు గుమ్మం బయటే విడిచారట.
"భద్రంగా దాస్తామమ్మా, ఎన్నికయ్యాక ఇస్తాం."
బస్తా దింపారు, కార్డు జేబులో వేసుకున్నారు.
ఆమె ఓటు వాళ్ళకి అక్కర్లేదు.
అది మోగకపోతే చాలు.

రూలు పుస్తకం తిరగేశాను, తెలిసిన జవాబు కోసమే.
కార్డు లేనిదే గోళీ లేదు.
ఆ మాట నా నోటితో నేనే చెప్పాను.

వెళ్ళిపోతుందనుకున్నాను.
తాడు అవతల, పగిలిన సిమెంటు దిమ్మ మీద కూర్చుని
కొంగుముడి విప్పి వేరుశనక్కాయలు పోసుకుంది.
గంట మోగినప్పుడల్లా ఒక కాయ
కుడివైపు కుప్పలోంచి ఎడమవైపుకి.
మధ్యాహ్నం నమాజుకి లేస్తూ
మనవరాల్ని కూర్చోబెట్టి, "తినకు" అని మరీ చెప్పి వెళ్ళింది.
మేక ఒకటి వచ్చింది. ఆ పిల్ల దాన్ని తరిమింది.

ఐదింటికి తలుపులు మూశాం.
గుంటల పళ్ళేల్లో గోళీలు పరిచి లెక్కపెట్టాం,
నాలుగువందల పదిహేడు.
ఏజెంట్లంతా సంతకాలు పెట్టారు.

బయటికొస్తే ఆమె ఇంకా అక్కడే.
"ఎన్ని?"
చెప్పాను.
"నా దగ్గర నాలుగువందల పద్దెనిమిది."
గుండె జారిపోయింది.
ఒక గోళీ ఎటు పోయింది? ఇసుక మళ్ళీ జల్లించాలా?
"వెతక్కు మాస్టారూ" అంది.
ఎడమ కుప్పలోంచి ఒక కాయ తీసి నా చేతిలో పెట్టింది.
"ఇది నాది. మోగలేదు. రాసుకో."

లాంతరు దగ్గరికి జరిపి ఫారమంతా చూశాను.
పోలైనవాటికి గడి ఉంది, మిగిలినవాటికి ఉంది,
పగిలిన గోళీకి కూడా ఉంది.
బస్తా కింద నలిగినదానికి లేదు.

ఇప్పుడు రాజధానిలో కమిటీ కూర్చుంది.
గోళీలు పాతబడ్డాయి, కాగితం తెద్దామంటున్నారు.
తేనివ్వండి. గంటంటే నాకు మోజే, కాదనను.
కానీ కార్డు కొనేవాడికి
గోళీ అయితేనేం, కాగితమైతేనేం?
నాకు రెండు నిమిషాలిచ్చారు.
కాయని బల్ల మీద పెట్టాను.
"దీనికొక గడి గీయండి,
కొన్నవాడి పేరుకి పక్కనే ఇంకో గడి,
వాడికి పడిన శిక్షకి మూడోది..."
ఎవరో మైకు సర్దారు.
అధ్యక్షులవారు కాగితాలు తిరగేస్తూ తిరగేస్తూ
పరధ్యానంగా ఆ కాయ వొలుచుకుని
నోట్లో వేసుకున్నారు.

ఊరికొచ్చి ఆ సంగతి చెప్పాను.
ముసుకెబ్బా చాలాసేపు వడ్లు చెరుగుతూనే ఉంది.
తర్వాత, తలెత్తకుండానే, అడిగింది:
"కొత్త కార్డులకి ఏ రోజు రమ్మంటారు?
ఎంతమందిమి రావచ్చు?"