వాగుల పట్టిక

పామూరుకు పడమట
పటంలో నీలిగీతలకు పేర్లు రాసుకు రమ్మన్నారు.

జీవాలు తోలే మాలకొండయ్య కర్ర చాపి చూపించాడు:
ఇది బొంతరాళ్ల వాగు. అదిగో, ఈతమాను వంక.
అవతలి గట్టోళ్లు దాన్నే దొంగల వంకంటారు,
వాళ్ల మాట రాయబాకయ్యా.

రెండూ రాశాను. గడి చాల్లేదు.

జామాయిల్ తోటలోకి దున్నేసిన పల్లం దగ్గర
గొర్రెలు వాటంతటవే ఆగాయి.
దీని పేరు?
చెప్పులు విడిచి చేత పట్టుకుని
పంచె మోకాళ్లపైకి ఎత్తి
లేని నీళ్లను దాటాడు.
అవతల నిలబడి అన్నాడు:
"మాయమ్మ ఏరనేది. ఏరంటే ఇదే.
ఇంకోదాంతో మాకు పనేముండాది?"

ఏరు అనే రాశాను.

కనిగిరి ఆఫీసులో గుమాస్తా
కళ్లజోడు పైకి తోసి అడిగాడు,
ఏ ఏరు?