పొడి గుడ్డ

ఏం పని చేసేవమ్మా అని అడిగేరు డాక్టరు గారు.
దుమ్ము పనండి అన్నాను.
రాస్తున్న చెయ్యి ఆగింది.
కట్టెల పొయ్యి ఊదేవా, చుట్ట కాల్చేవా,
కొబ్బరి పీచు మిల్లులో చేసేవా
వీటన్నిటికీ ఆ కాగితం మీద గళ్లున్నాయి.
ఇల్లు తుడిచేనండి. పదకొండేళ్లు. కువైట్‌లో.
దానికి గడి లేదు.

అక్కడ ఆ గాలికి ఒక పేరుంది, తోజ్ అంటారు.
మధ్యాహ్నం మూడింటికి ఆకాశం
పసుపు కలిపిన కుడితిలా అయిపోయేది.
మేడమ్ అరిచేది, మేం పరిగెత్తేవాళ్లం
నేనూ, సింహళం పిల్ల నిలూకా.
కిటికీ సందులకి టేపు,
తలుపుల కింద తడి తువ్వాళ్లు.
హాల్లో ఒక మిషను
గాలి మంచిదైతే నీలం దీపం, చెడితే ఎర్రది.
బాబు ఫహద్‌కి ఉబ్బసం,
వాడి గదిలో రెండు మిషన్లు.

నా గది డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన.
తలుపు కింద వేలు పట్టే సందు.
తువ్వాళ్లు కిందే అయిపోయేవి.
తెల్లారి లేచి చూస్తే
తలగడ మీద నా తల పెట్టుకున్న మేర తెల్లగా ఉండేది.
మిగతాదంతా ఎడారి.

సోఫాలకి తడి తగిలితే మచ్చ పడుతుంది,
పొడి గుడ్డతో దులుపు అనేది మేడమ్.
దులిపితే లేస్తుంది. లేచింది దిగుతుంది.
దిగినదాన్ని మళ్లీ దులపాలి.
మధ్యలో ఊపిరి కూడా తీసుకోవాలి కదండీ.
తడిగుడ్డతో గొంతు కోస్తారంటారు మావైపు.
నాకు పొడి గుడ్డే సరిపోయింది.

తిట్టనులెండి.
ఆ దుమ్మే నెలకి అరవై దీనార్లు,
ఆ దుమ్మే లక్కవరంలో మా రెండు గదుల స్లాబు,
చెల్లి సువార్త నర్సింగు ఫీజు,
నీలం అద్దాల కిటికీలు.

తిరిగొచ్చేటప్పుడు విమానంలో అనుకున్నాను
చుట్టూ కాలవలు, ఆవల సముద్రం,
మా నేల కాళ్లకి అంటుకుంటుంది గాని
గాల్లోకి లేవదు అని.
ఆయ్, నేల లేవలేదండి.
దాళవా కోతలయ్యేక మిల్లు లేచింది.
రాత్రీ పగలూ ఊక కాల్చే గొట్టం,
ఆరేసిన బట్టల మీద దోమంతలేసి బూడిద.
వరదల్లో గోదారి అడుగున బుద్ధిగా పడుకున్న ఇసుక
వేసవిలో లారీ ఎక్కి, పట్టా కప్పుకోకుండా
మా గుమ్మం ముందు నుంచే పోతుంది.
పోతూ పోతూ కొంచెం దిగుతుంది,
చుట్టంలా, చెప్పకుండా.

చెల్లి కూతురు హెప్సిబాకి ఆరేళ్లు.
రాత్రి రెండింటికి దాని రొమ్ములో పిల్లికూతలు.
దీపం వెయ్యకుండానే పోల్చుకున్నాను,
ఫహద్ కూతే.
అరబ్బీ లేదు, తెలుగు లేదు, ఒకటే కూత.

పొడి చీపురు అటకెక్కించేను.
కిటికీకి తడి చీర కట్టేను.
కువైట్ మేడమ్ గారొచ్చేరు అని మా మరిది నవ్వేడు.
అతను చెప్పిందీ నిజమేనండి,
మే నెలలో తలుపులేసుకుని బతికేదెవరు?
మూస్తే ఉక్క.
తెరిస్తే ఊక.

డాక్టరు గారు ఎక్స్‌రే కిటికీకేసి ఎత్తిపట్టేరు.
మంచు పట్టినట్టుందమ్మా అన్నారు.
నాకు మాత్రం అందులో
మధ్యాహ్నం మూడు గంటలు కనబడింది.
దుమ్ముకి దూరంగా ఉండు అని మందులు రాసేరు.
ఆయ్ అన్నాను.
ఎంత దూరం అని అడగడం మర్చిపోయేను.

ఇంటికొచ్చి బకెట్టు పట్టుకున్నాను.
అక్కడ గుడ్డ పిండితే నీళ్లు టీ రంగు,
ఇక్కడ కాటుక రంగు.
అంతే తేడా. ఇక్కడ జీతం లేదు, అదొకటి.

ముందు గదిలో నీలం అద్దం మీద
బూడిదలో వేలు పెట్టి
హెప్సిబా తన పేరు రాసుకుంది.
ఒత్తు తప్పు.
తడిగుడ్డ చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాను.
దాన్ని పిలిచి, దాని వేలు పట్టుకుని
ముందు ఒత్తు దిద్దించేను.
తరవాత తుడిచేసేను.